ఇనుప మెట్లకూ ఓ ‘క్లాస్’ ఉంది!

అమెరికా లారీ సరకుల బిల్లులను హైదరాబాద్‌లో కూర్చుని సరిచూడటం నా మొదటి ఉద్యోగం. రాత్రి షిఫ్టు. ఓసారి కాగితంపై ‘ఇనుప సామాను’ అని ఉంటే క్లాస్ 85 వేసి పంపేశాను. తీరా చూస్తే అది రెయిలింగుతో సహా వెల్డింగ్ చేసేసిన గుండ్రటి మెట్ల వరస. వారం తిరక్కుండానే క్లాస్ 250 అంటూ సవరించిన బిల్లు వచ్చింది. మెకానికల్ చదివి కూడా సాంద్రత సంగతి మర్చిపోయానని టీమ్ లీడర్ పెట్టిన చీవాట్లు ఇంకా గుర్తున్నాయి.

అక్కడ లారీ మొత్తం మాట్లాడుకోకుండా, నలుగురి సరకుతో కలిపి పంపడాన్ని ఎల్‌టీఎల్ అంటారు. ఇందులో 50 నుంచి 500 దాకా 18 క్లాసులు. అంకె పెరిగితే మామూలుగా చార్జీ పెరుగుతుంది. ఈ వర్గీకరణను చూసే ఎన్‌ఎంఎఫ్‌టీఏ 2025 జులై 19 నుంచి చాలా సరకులను 13 అంచెల సాంద్రత పట్టిక కిందికి తెచ్చింది. సరకు పేరు చూసి క్లాస్ వేసే రోజులు తగ్గి, టేపు పట్టుకుని కొలిచే రోజులొచ్చాయన్నమాట. ఎత్తడం, పేర్చడం కష్టమా, పాడయ్యే ప్రమాదం ఉందా అన్నవి ఇప్పటికీ చూస్తారనుకోండి.

లెక్క తేలికే. పొడవు, వెడల్పు, ఎత్తు అంగుళాల్లో గుణించి 1728తో భాగిస్తే ఘనపుటడుగులు. పౌండ్లలో బరువును దాంతో భాగించాలి. ఉదాహరణకు వెల్డింగ్ చేసిన మెట్లు 600 పౌండ్లు, 10×5×5 అడుగులు అనుకుందాం. 250 ఘనపుటడుగులకు సాంద్రత 2.4, పట్టికలో క్లాస్ 250. అవే మెట్లను విడదీసి, పలకలు ఒకదానిపై ఒకటి పేర్చి, 10×2.5×2 అడుగుల చెక్కపెట్టెలో సర్దితే పెట్టెతో కలిపి 650 పౌండ్లు. సాంద్రత 13, క్లాస్ 85! అంటే రవాణా ఖర్చు సగం డ్రాయింగ్ బోర్డు మీదే తేలిపోతోంది. బోల్టులా, వెల్డింగా అని డిజైనర్ ఒక్కమాట ముందే అడగాలి.

కొలతలో ఓ మెలిక ఉంది. బయటికి పొడుచుకొచ్చిన రెయిలింగ్ కొస ఒక్కటున్నా అక్కడిదాకా కొలుస్తారు. చెక్క పాలెట్ కూడా లెక్కలోకే. చాలా టెర్మినళ్లలో ఈ కొలత యంత్రాలే తీస్తున్నాయి కాబట్టి దాచడం కుదరదు. పొడవు మరీ ఎక్కువైతే అదనపు రుసుమూ పడుతుంది. ఇక ప్యాకింగ్‌లో పెయింట్ గీసుకుపోకుండా పలకల మధ్య ఫోమ్, కొసలకు తొడుగులు, స్టీలు పట్టీలు తప్పనిసరి. బోల్టుల డబ్బాను పెట్టె లోపలే బిగించాలి. అది పోతే సైటులో పని ఆగినట్టే.

మన దగ్గర్నుంచి ఎగుమతి చేస్తే కస్టమ్స్ కోడ్ వేరే వ్యవహారం. ఉక్కు మెట్లు 7308 కిందికి, అల్యూమినియంవి 7610 కిందికి వస్తాయి. దీన్నీ లారీ క్లాస్‌నూ కలిపేయడం ఫ్రెషర్లు తరచూ చేసే పొరపాటు. పెట్టె చెక్కకు ఐఎస్‌పీఎం 15 ముద్ర కూడా ఉండాలి.

పేరు చూసి కోడ్ ఎక్కించే డేటా ఎంట్రీ పని సాఫ్ట్‌వేర్‌కు పోతుందని నా అంచనా. డ్రాయింగ్ చూసి ‘ఈ రెయిలింగ్ విప్పి పంపండి’ అని ఫ్యాక్టరీకి ఫోన్ చేయగలవాళ్ల పని మాత్రం ఇప్పట్లో పోదు. లాజిస్టిక్స్ ఇంటర్వ్యూకు వెళ్తుంటే ముందురోజు మీ హాస్టల్ మంచాన్నే కొలిచి, విప్పితే ఒక క్లాస్, విప్పకపోతే ఒక క్లాస్ లెక్కేసి చూడండి.