పుట్టిమీది దీపము: చూచుటకా, పిలుచుటకా?

మన హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములు సముద్రమునకు మిక్కిలి దూరమైనవి. పడవకు దీపమమర్చు విషయము రైతుల పత్రికలో ఏల యని కొందరు సభ్యులు అడుగవచ్చును. చిత్రావతి నీటితో నిండు బుక్కపట్టణము చెరువును, ధర్మవరము చెరువును ఎరిగినవారికి ఈ సందేహము కలుగదు. మంచి వానలు కురిసి మరవ పారిన యేడు చెరువులలో పుట్లు తిరుగును. చెరువుక్రింద మడి గల రైతే పలుచోట్ల చేపల సంఘమునందును సభ్యుడు. హంద్రీనీవా కాలువ వచ్చిన పిమ్మట పెనుకొండ దాపున గొల్లపల్లి జలాశయమునందును నీరు నిలుచుచున్నది. నీరున్నచోట చేపయు, చేపయున్నచోట వలయు, వలయున్నచోట తగవును ఉండుట సహజము. ఇప్పటి తగవు ఎల్‌ఇడి దీపమును గూర్చినది.

నా యభిప్రాయము మొదటనే చెప్పెదను. రాత్రివేళ నీటిపైకి పోవు ప్రతి పుట్టికి ఎల్‌ఇడి దీపము అవసరము. అందుకు సంఘము సొమ్ము వెచ్చించుట న్యాయము. కాని ఆ దీపమును నీటిలోనికి త్రిప్పి, చేపలను పోగుచేసి పట్టుటకు సంఘము సమ్మతింపరాదు. మొదటిది చూచుటకైన వెలుగు. రెండవది పిలుచుటకైన వెలుగు. అంగడివాడు రెండింటిని ఒకే సరకుగా అమ్మును గనుక ఈ భేదమును మనమే కనిపెట్టి యుండవలెను.

రాత్రివేట క్రొత్తది కాదు. గలిలయ సరస్సున పేతురును ఆయన తోడివారును రాత్రియంతయు వలలు వేసిన వృత్తాంతము మిషను బడులలో చదివినవారందరు ఎరుగుదురు. మన చెరువులలోను సాయంకాలము వల కట్టి వేకువను తీయుట వాడుక. చీకటిలో పుట్టి నడుపువానికి మొన్నటివరకు లాంతరుగాని పెట్రొమాక్సుగాని తోడుగా నుండెను. పెట్రొమాక్సు వెలుగు గొప్పదే. కాని రాత్రి కించుమించు లీటరు కిరసనాయిలు త్రాగును, కుదుపునకు దాని మాంటిలు రాలిపోవును, తుంపర పడిన గాజు పగులును. పుట్టి యొరిగినప్పుడు అందులో నిప్పు ఉండుట ఎంత ప్రమాదమో వేరుగ చెప్ప నక్కరలేదు.

జపాను దేశపు శాస్త్రజ్ఞులు ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఇడిని సాధించిన పిమ్మటనే తెల్లని వెలుగునిచ్చు ఎల్‌ఇడికి దారి యేర్పడెను. అకసాకి, అమానో, నకమురా అను మువ్వురకు 2014లో ఇందుకే నోబెలు బహుమానము వచ్చినది. 9 వాట్ల ఎల్‌ఇడి పూర్వపు 60 వాట్ల బల్బుతో ఇంచుమించు సమానముగా వెలుగును. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సున దగా యను చిన్నచేపను రాత్రి దీపములతో పట్టు జాలరులలో కొందరు కిరసనాయిలు ఖర్చు తప్పించుకొనుటకు ఎండతో బాటరీ నింపుకొను ఎల్‌ఇడిలను చేపట్టిరి. ఖర్చు మాటలో ఎల్‌ఇడికి ఎదురులేదు.

ఇక మన పుట్టికి ఏమి కావలెనో చూతము. 12 వోల్టుల బాటరీ చాలును. 5 వాట్ల దీపము అర ఆంపియరుకన్న తక్కువ కరెంటు తీసికొనును. 7 ఆంపియరు-గంటల సీసపు బాటరీలో సగమే వాడి తక్కిన సగము మిగిల్చినను ఆ దీపము 8 గంటలు వెలుగును. అంతకు మించి పిండినచో బాటరీ ఆయువు తరుగును. 20 వాట్ల సౌరఫలకము మన సీమ యెండలో ఒక్క పగటిలో ఆ వెలితిని పూడ్చగలదు. బాటరీని నీరు దూరని డబ్బాలో బెట్టి పుట్టి అడుగున నడిమిభాగమున కట్టివేయవలెను. పుట్టి గుండ్రనిది, బరువు ఒక ప్రక్కకు జరిగెనా తిరగబడును. బాటరీ ధనధ్రువమునకు జానెడు దూరములోనే ఫ్యూజు ఉండవలెను. దీపమును మనిషి కంటికన్న ఎత్తున కొయ్యకు కట్టి పైన రేకు మూత పెట్టిన యెడల వెలుగు వలమీద బడును గాని తెడ్డువేయువాని కన్నులలో బడదు. తెల్లని వెలుగు కన్నులబడినవానికి కొంతసేపటివరకు చీకటిలో ఏమియు కానరాదు. కాబట్టి దారి పోవునప్పుడు మసక ఎరుపు దీపమును, వల తీయునప్పుడు మాత్రమే తెల్లదీపమును వాడుట మేలు.

ఒక్క పని మాత్రము ఎవరును చేయకుందురు గాక. ఇంటి దీపములను పుట్టిలో వెలిగించుటకై ఇన్వర్టరు పెట్టి 230 వోల్టుల కరెంటు పుట్టించు తెలివి కొందరికి తోచును. తడి చేతులు, తడి వల, క్రింద నీరు! ఆ తెలివి ప్రాణముమీదికి తెచ్చును. మాట వచ్చినది గనుక, లైఫ్ జాకెట్టు లేని పుట్టికి దీపము కొనుట వరుస తప్పిన పనియే యని నా తలంపు.

రెండవ విషయమునకు వచ్చెదను. దీపమునకు చేప ఏల వచ్చును? నీటిలోని కంటికానని సూక్ష్మజీవులు రాత్రివేళ పైకి వచ్చి వెలుగుచెంత మూగును. వానిని తినుటకు చిన్నచేపలు, చిన్నచేపలకై పెద్దచేపలు చేరును. సముద్రమున ఈ యుపాయము బాగుగ పనిచేయును. జపాను పడవలు కణవలను ఈ విధముగనే పట్టుచున్నవి. మన దేశపు తీరములందును పెద్దపడవలు జనరేటర్లు పెట్టి గొప్ప వెలుగులతో చేపలను పోగుచేసి చుట్టువలలతో లాగసాగెను. పిల్లచేపలు సైతము వలబడెను. గోవా, కర్ణాటక, మహారాష్ట్ర తీరములలో చిన్నపడవలవారు తమ కడుపు కొట్టుచున్నారని మొరపెట్టిరి. తుదకు 2017 నవంబరు 10వ తేదీన కేంద్రప్రభుత్వము మన దేశపు ప్రత్యేక ఆర్థిక మండల జలములలో ఎల్‌ఇడి మొదలగు దీపములతో చేపలు పట్టుటను నిషేధించెను. అంత విశాలమైన సముద్రమే ఓర్వజాలని పనిని బుక్కపట్టణము చెరువు ఓర్చునా?

ఇచ్చట ఒక సంగతి నిష్పక్షపాతముగ ఒప్పుకొనవలెను. మన చెరువులు సముద్రము వంటివి కావు. వానిలో బొచ్చె, రోహు, మృగాల పిల్లలను సంఘమే కొని విడుచుచున్నది. నీరు తరుగులోపల పట్టుకొనవలసినదే. కావున దీపమువలన చేపజాతి నశించునని నేను భయపెట్టను. పైగా ఎర్రమట్టి కలిసిన మన చెరువునీటిలో వెలుగు లోతుకు దిగదు. సముద్రమున చొరబారు నీలి, పచ్చ కాంతులు ఇచ్చట కొలది అడుగులలోనే మ్రింగబడును. అంగడివాడు చూపు సముద్రపు లెక్కలు మన చెరువునకు వర్తింపవు. నా యాక్షేపణ వేరు. దీపమునకు మొదట వచ్చునవి చిన్నచేపలు. అందరి చందాలతో కొని విడిచిన పిల్లలు కిలో తూగక మునుపే దీపమున్నవాని సన్నవలలో బడును. దీపము కొనలేనివాని వల ఖాళీగ లేచును. అదియే జరిగినచో వచ్చు యేడు అందరును దీపములు కొందురు, ఆ మరు యేడు అంతకన్న పెద్ద దీపములు కొందురు. చేప పెరుగదు, ఖర్చు పెరుగును. లాభము దీపమమ్మినవానిది.

“వేసవికి చెరువు ఎండిపోవును గదా, ఎండలో చచ్చు చేపను దీపముతో పట్టిన తప్పేమి?” అని యడుగువారున్నారు. ఫాల్గుణ చైత్రములలో నీరు తొడలోతునకు దిగినప్పుడు పగటివేళ అందరు కలిసి లాగువల వేసిన చాలును; చేప యంతయు వచ్చును, పంపకము అందరి యెదుట జరుగును. దానికి దీపమేల?

పిలుచు వెలుగు సర్వదా చెడ్డదని నేననను. వేరుసెనగ చేలను నాశనము చేయు ఎర్రగొంగళి పురుగు సంగతి మన రైతులకు నేర్ప నక్కరలేదు. తొలకరి వానలు పడగానే నేలలోనుండి వెడలు దాని రెక్కలపురుగులను మంటలు వేసి, దీపపుటెరలు పెట్టి పిలిచి చంపుట మంచి పద్ధతి. అచ్చట పిలుచునది శత్రువును. ఐనను ఒక్కడే దీపము పెట్టినచో ఇరుగుపొరుగు చేల పురుగంతయు అతని చేనికే వచ్చి, దీపమున బడనివి అచ్చటనే గ్రుడ్లు పెట్టును. ఊరంతయు ఒకే రాత్రులలో పెట్టిననే ఫలము. చేల విషయమున ఈ న్యాయమును ఒప్పుకొన్నవారము చెరువు విషయమున మరువనేల?

కాబట్టి ఈ సంవత్సరము మహాజనసభలో చేపల సంఘములు ఇట్టి తీర్మానము చేయవలెనని నా సూచన. పుట్టికొక 5 వాట్ల దీపము, బాటరీ, సౌరఫలకము సంఘము పేరనే కొని సభ్యులకు వాడుకకీయవలెను; ఎవరి సొంత దీపమును దీనికన్న పెద్దదిగా నుండరాదు. వెలుగు వలమీదికేగాని నీటిలోనికి త్రిప్పరాదు. వల కన్ను ఎంత యుండవలెనో మత్స్యశాఖవారి నడిగి అదే తీర్మానమున వ్రాసికొనవలెను. తప్పినవానికి ఆ యేటి భాగములో కోత విధింపవలెను. కోత సొమ్ము చేపపిల్లల ఖాతాకు చేరవలెను.

చెరువు ఎండిన నెలలలో ఈ బాటరీలు మూలబడి చెడునను వెరపు వలదు. సీసపు బాటరీ ఊరక యుంటేనే త్వరగ చెడును. తొలకరికి వానిని వేరుసెనగ చేలకు తీసికొనిపోయి దీపపుటెరలకు వాడవచ్చును. పుట్టిమీది తెల్లదీపము మాత్రము పురుగును అంతగా లాగదు. అతినీలలోహిత కాంతినిచ్చు చిన్నదీపమును వేరుగ కొని అదే బాటరీకి తగిలించి, క్రింద తొట్టిలో కిరసనాయిలు కలిపిన నీరుంచి, రాత్రి 7 గంటలు మొదలు 11 గంటలవరకు వెలిగించిన సరిపోవును.