తెల్లజెండా పట్టుకున్న పాట



మన యవ్వనస్థులు గిటారు మీద 'సండే బ్లడీ సండే' నేర్చుకుంటుంటే, "అది రాక్ పాట, పైగా రాజకీయం, విశ్వాసికి తగదు" అంటున్నారు కొందరు పెద్దలు. ఆరాధనలో పాడమని నేను అనను. కానీ తగదన్న మాట వాక్యం ముందు నిలవదు.

1972 జనవరి 30, ఆదివారం. ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీలో పౌరహక్కుల ఊరేగింపు మీద బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపారు. ఆ రోజే 13 మంది చనిపోయారు. ఐర్లాండ్‌కు చెందిన యూటూ బృందం 1983లో పాడిన ఈ పాటలో ఆ రక్తం ఉంది, పగ లేదు. ఇంకా ఎంతకాలమని మొరపెట్టి, చివరికి యేసు గెలిచిన విజయం వైపు తిరుగుతుంది. గాయకుడు బోనో ఇది తిరుగుబాటు పాట కాదని వేదిక మీదే చెప్పి, తెల్లజెండా పట్టుకొని పాడేవాడు. 1987 నవంబర్ 8న ఎన్నిస్కిలెన్‌లో ఐఆర్ఏ బాంబుకు 11 మంది బలైతే, ఆ రాత్రే డెన్వర్‌లో ఈ పాట మధ్యలో ఆ హత్యలను ఖండించాడు. ఎవరు చంపినా రక్తం రక్తమే కదా!

"ఎంతకాలం" అన్న మొర ఎవరిది? 13వ కీర్తన చదవండి, దావీదుది. యూటూ అదే ఆల్బమ్‌ను 40వ కీర్తన ఆధారంగా కట్టిన పాటతో ముగించింది. బురదగుంటలోనుండి లేవనెత్తబడినవాడు ఏం చేశాడు? మహాసమాజంలో నీతిని ప్రకటించాడు (40:9). సింహాసనాల మీదివారిని దేవుడు దించాడని మరియ పాడింది (లూకా 1:52). అది రాజకీయం కాదా? న్యాయం లేనిచోట మన పాటలు దేవునికి వట్టి ధ్వని (ఆమోసు 5:23, 24).

మన వినుకొండలో పుట్టిన జాషువా కవిని చూడండి. గుడిలోకి రానివ్వని మనిషి గబ్బిలం చేత శివునికి మొర పంపుకొన్న కావ్యం రాసిన కలమే 'క్రీస్తు చరిత్ర' కూడా రాసింది.

ఎన్నికల ముందు అభ్యర్థిని స్టేజీ ఎక్కించి, దండవేసి ప్రార్థన చేసినప్పుడు మనకు రాజకీయం గుర్తురాదు. చచ్చినవారి కోసం ఏడిస్తే మాత్రం రాజకీయమా? కారెంపూడి వీరుల కథలు ఈనాటికీ పాడుకునే నేల మనది. 2024 మే ఎన్నికల గొడవలతో మాచర్ల పేరు దేశమంతా మోగింది. ఇక్కడ వీరుడికి పాట ఉంది, ప్రతి పార్టీకీ పాట ఉంది. కొడుకును పోగొట్టుకున్న తల్లికే పాట లేదు. ఆ పాట సంఘం పాడకపోతే ఎవరు పాడతారు?

పెద్దలారా, పిల్లల గిటారు లాక్కోకండి. ఆ మొరను మన తెలుగులో, మన డప్పు మీద కట్టడం వారికి నేర్పండి. మీ పార్టీ కానివాని ఇంట చావు జరిగితే ముందుగా మీరే వెళ్లి కూర్చోండి. ఏడ్చువారితో ఏడవమన్న ఆజ్ఞలో (రోమా 12:15) పార్టీ పేరు లేదు.

అట్టి హృదయం ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.