కుట్టు చివర ‘కుక్క చెవులు’!

దసరా ముందు హైటెక్ సిటీలో చాలా ఆఫీసుల్లో బతుకమ్మ సందడి ఉంటుంది. అలాంటి ఓ ఆఫీసులో ఒక టీమ్ లీడ్‌ను ఊహించుకోండి. ఇద్దరు పిల్లల తల్లి. రెండూ సిజేరియన్లే. నాలుగు నెలల కిందట పొట్ట తగ్గించే ఆపరేషన్... అదే, టమ్మీ టక్ చేయించుకుంది. పదేళ్లుగా బీరువా అడుగున పడి ఉన్న పట్టుచీర బయటికి తీసింది. కుచ్చిళ్లు చక్కగా కూర్చున్నాయి. అంతా బాగుందనుకుంటూ అద్దం ముందు పక్కకు తిరిగేసరికి... కుట్టు ఆగిపోయిన చోట, నడుముకు రెండు వైపులా, బొటనవేలంత ముడత పొడుచుకొచ్చి కనిపించింది!

ఇంత డబ్బు పోసి చేయించుకుంటే ఇదేంటి? ఎవర్ని అడుగుతుంది? ఇంట్లో భర్తకు తప్ప ఎవరికీ తెలీదు. అత్తగారికి హెర్నియా ఆపరేషనని చెప్పింది.

ఈ ముడతకు డాక్టర్లు పెట్టుకున్న పేరు వింటే నవ్వొస్తుంది. ‘డాగ్ ఇయర్’. కుక్క చెవి. వైద్య పుస్తకాల్లోనూ అదే పేరు. బియ్యం బస్తా మూతి కుట్టాక రెండు మూలలూ పైకి నిక్కి ఉంటాయి చూడండి, ఇదీ అలాగే కనిపిస్తుంది.

ఎందుకొస్తుందో మీ టైలర్ని అడిగినా చెబుతాడు. జాకెట్టుకు డాట్ వేసేటప్పుడు గుడ్డను ఒక చివర ఎక్కువగా పట్టి, పోనుపోను సన్నగా తీసుకెళ్తాడు. ఆ సన్నదనానికి చాలినంత పొడవు లేకుండా మధ్యలో ఆపేశాడా, కొసన గుడ్డ ముక్కులా లేస్తుంది. టమ్మీ టక్‌లోనూ లెక్క అదే. కాకపోతే ఇక్కడ గుడ్డ చర్మం, దాని కింద లైనింగు కొవ్వు.

సిజేరియన్ కోత దగ్గర్లోనే, ఒక తుంటి వైపు నుంచి రెండో తుంటి దాకా కోస్తారు. పై చర్మాన్ని పక్కటెముకల దాకా లేపి, కాన్పుల్లో ఎడంగా జరిగిపోయిన పొట్ట కండరాలను దగ్గరికి లాగి కుడతారు. తర్వాత చర్మాన్ని కిందికి లాగి, మిగిలింది కోసేస్తారు. బొడ్డు ఉన్నచోటే ఉంటుంది, దాని కోసం చర్మానికి కొత్త రంధ్రం చేస్తారు. ఇక చివరి పని, రెండు అంచులూ కలపడం. పై అంచు పొడవు, కింది అంచు పొట్టి. ఆ తేడా ఎక్కడికి పోవాలి? కొసలకే. అనుభవమున్న సర్జన్ కొసల నుంచి మొదలుపెట్టి, ఎక్కువైన చర్మాన్ని కొద్దికొద్దిగా మధ్యకు సర్దుకుంటూ వస్తాడు. అయినా ఒక్కోసారి కాస్త మిగులుతుంది. ఆపరేషన్ బల్ల మీద మనిషి నడుము దగ్గర వంగి పడుకుని ఉంటుంది కదా! అక్కడ చదునుగా ఉన్న పక్కలు, లేచి నిలబడితే చదునుగానే ఉంటాయన్న హామీ లేదు.

అందుకే చెవి కనిపించగానే ‘డాక్టరు పాడుచేశాడు’ అనుకోవడం తొందరపాటు. అలాగని ప్రతిదీ మామూలేనని సరిపెట్టుకోవడమూ కుదరదు. పక్కల్లో కొవ్వు బాగా ఉన్నవాళ్లకి, బరువు బాగా తగ్గాక నడుము చుట్టూ చర్మం వదులై వేలాడేవాళ్లకి ఈ ముడతలు వచ్చే అవకాశం ఎక్కువ. ఆ మాట వాళ్లకి ముందే చెప్పాలి. చాలాచోట్ల అదే జరగదు.

ఐటీ కారిడార్‌లో ఈ ముచ్చటకు ప్రత్యేకంగా చోటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. దేశం మొత్తమ్మీద చూస్తే అది 21.5 శాతం. కండరాలు ఎడం కావడానికి కారణం కోత కాదు, గర్భమే. కానీ కోత మచ్చ లోపలికి అతుక్కుపోతే దాని పైన పొట్ట గట్టులా వేలాడుతుంది. దానికి తోడు కుర్చీ ఉద్యోగం. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆస్పత్రి నిపుణులు 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంది, 71 శాతం మందికి ఊబకాయం. అంటే కొవ్వు చర్మం కిందే కాదు, లోపల అవయవాల్లోనూ ఉంది. దాన్ని ఏ కత్తీ తీయలేదు. టమ్మీ టక్ బరువు తగ్గించే ఆపరేషన్ కాదు. ముందు బరువు దించుకుని, అది కొన్ని నెలలు నిలకడగా ఉన్నాక వెళ్తేనే ఫలితం. పక్కలు నిండుగా ఉండగా వెళ్తే చెవుల్ని పిలిచి తెచ్చుకున్నట్టే.

ఎప్పటిదాకా ఆగాలి?

నాలుగు నెలలకే కంగారు పడక్కర్లేదు. ఆపరేషన్ వాపు పూర్తిగా దిగడానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. చిన్న చెవులు ఆ లోపు వాటంతటవే అణిగిపోతాయి. ఏడాదికీ పోకపోతే సరిచేయడం పెద్ద పనేం కాదు. ఎక్కువ మందికి ఆ చోట మాత్రం మత్తు ఇచ్చి, మిగిలిన చర్మం తీసి కుడితే సరిపోతుంది. లోపల కొవ్వే ఎక్కువైతే లైపోసక్షన్. అయితే ఒక మెలిక ఉంది. చెవి పోవాలంటే మచ్చ ఇంకొన్ని సెంటీమీటర్లు పక్కకు పాకాలి. మచ్చ పొట్టిగా ఉండాలా, కొస చదునుగా ఉండాలా? రెండూ కావాలంటే అన్నిసార్లూ కుదరదు. పైగా మన చర్మంలో మచ్చలు ఉబ్బెత్తుగా గట్టిపడే గుణం కాస్త ఎక్కువ. ఈ బేరం ఆపరేషన్‌కి ముందే, నిలబెట్టి, పెన్నుతో గీతలు గీసేటప్పుడే తేలాలి.

డబ్బు మాటా అప్పుడే. బీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్నది నానక్‌రామ్‌గూడలోనే, ఈ ఐటీ కంపెనీల పక్కనే. ఆ సంస్థ నిబంధనల్లోనే ఉంది... ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ లాంటి కారణాలుంటే తప్ప అందం కోసం చేయించుకునే సర్జరీ పాలసీ కిందకు రాదు. పైగా జీఎస్టీ. మరి చెవులు మిగిలితే రెండోసారి ఎవరు భరిస్తారు? సర్జన్ ఫీజు తీసుకోరా, థియేటర్ ఖర్చు మాటేమిటి? కాగితం మీద రాయించుకోవాలి. చేసేవారికి ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ ఉందా అన్నది బోర్డు మీది మెరుపుల్ని చూసి తేల్చుకునేది కాదు.

చెవి అనుకుని వదిలేయకూడనివీ కొన్ని ఉన్నాయి. తడిమితే లోపల నీళ్లు కదిలినట్టుంటే అది చేరిన ద్రవం, డాక్టరు తీయాలి. ఎరుపు, జ్వరం, చీము ఉంటే ఇన్ఫెక్షన్. ఆపరేషనైన తొలి వారాల్లో ఒక కాలు వాచి పిక్క నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకూడదు. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికొస్తుంది.

ఇంట్లో దాచిపెట్టడం వల్ల వచ్చే చిక్కు ఇక్కడే. దాదాపు ఆరు వారాలు బరువులెత్తకూడదు. చంటిది చేతులు చాచి ఏడుస్తుంటే, విషయం తెలియని అత్తగారు ‘ఎత్తుకోవమ్మా’ అనకుండా ఉంటారా? 

మన టీమ్ లీడ్ విషయానికొస్తే, ఆమెకింకా ఎనిమిది నెలల గడువుంది. ఈసారికి పట్టుచీర కొంగును నడుము చుట్టూ తిప్పి బొడ్లో దోపుకుంది. బతుకమ్మ ఆడేటప్పుడు అందరూ అలాగే దోపుకుంటారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. వచ్చే దసరాకి చెవులు అణగకపోతే మళ్లీ చిన్న కోత తప్పదు. అప్పుడు అత్తగారికి ఏ పేరు చెప్పాలో ఇప్పట్నుంచే ఆలోచిస్తోంది.