సన్‌రూఫ్ కిర్రుమంటే ప్యాకేజీ ఎందుకు?

ఈసారి రాత కొంచెం పొడుగు, టీ పెట్టుకొని చదవండి. మేము చదివింది కేజీఎఫ్‌లో తమిళ మీడియం. తెలుగు అక్షరాలు ఇంట్లో అవ్వ దగ్గర నేర్చినవే. ఒత్తులు తప్పితే దిద్దుకోండి.

పోయిన మీటింగు అయినాక కార్ల దగ్గర నిలబడి మాట్లాడుకుంటిమి కదా. మనవాళ్లలో నలుగురి కార్లకు సన్‌రూఫ్ గోల. ఒకరిది కిర్రు, ఒకరిది టకటక, ఒకరిది ఈల. అప్పుడే మాట లేచింది: సంఘం తరఫున ఒక సర్వీసు సెంటరుతో మాట్లాడి, అందరికీ కలిపి ఏడాది ప్యాకేజీ తీసుకుందాం, అడ్వాన్సు సంఘం డబ్బులోంచి ఇద్దాం అని. మేము వద్దంటిమి. ఎందుకో నిలబడి చెప్పలేకపోయాము, మోకాళ్ల నొప్పి. అందుకని ఇప్పుడు రాస్తున్నాము.

మా అల్లుడి కారు సంగతే చెప్తాము. బెంగళూరు నుంచి వస్తాడు. హైవే మీద ఏమీ లేదు. శ్రీనివాసపురం దాటి మన రాయల్పాడు రోడ్డుకు తిరిగేసరికి నెత్తి మీద ఎవరో పాత మంచం లాగుతున్నట్టు చప్పుడు. మా ఇంటావిడ తలనొప్పని ఆ కారే ఎక్కనంటుంది. అల్లుడు సిటీలో ఒక చోట చూపిస్తే, కారును రోడ్డు మీదికి కూడా తీసుకుపోకుండానే పైన ఉన్న సెట్టు మొత్తం మార్చాలన్నారట. వాళ్లు చెప్పిన లెక్క మా పింఛను రెండు నెలలది. కారు కంతులు ఇంకా కడుతున్నాడు. అయినా సరేననే వచ్చాడు పాపం.

మేము రైల్వేలో గూడ్సు గుమాస్తాలం, మెకానిక్కులం కాదు. కానీ ముప్పై ఏళ్లు ప్లాట్‌ఫారం మీద చూసినది ఒకటుంది. బండి పోతుంటే స్టేషను వాళ్లు ఊరికే జెండా పట్టుకొని నిలబడరు, చూస్తారు, వింటారు. ఇరుసు వేడెక్కిందని తెలిస్తే బండి ఆపి, ఆ ఒక్క వ్యాగనునే విడదీసి సైడింగులో పెడతారు. రేకంతా మార్చరు. ఏ వ్యాగనో తేలకముందే బిల్లు రాసేవాడిని మేమైతే నమ్మము.

ఆ ఆదివారం అల్లుడిని మెల్లగా నడపమని, మేము కూర్చొని అద్దాన్ని అరచేత్తో పైకి నొక్కి పట్టుకుంటిమి. చప్పుడు సగం తగ్గింది. అంటే అద్దం చుట్టూ ఉన్న రబ్బరుది. అద్దం తెరిచేటప్పుడే చప్పుడైతే అది జారే పట్టాలది. వేగంలో మాత్రమే ఈల వస్తే గాలి దూరే సందుది. దానికొక ఉపాయం ఉంది. పది రూపాయల నోటు రబ్బరు మీద పెట్టి అద్దం మూసి లాగండి. చుట్టూ ఒకే రకంగా బిగువుగా రావాలి. ఎక్కడ సులువుగా జారి వస్తే అక్కడ సందు.

అద్దం తెరిచి చూస్తే అసలు సంగతి బయటపడింది. అల్లుడు వచ్చినప్పుడల్లా కారు మన మామిడిచెట్టు కిందే. పూత కాలంలో తేనెమంచు పురుగు పడితే ఆకుల మీద నుంచి జిగురు కారుతుందని మీకు మేము చెప్పేదేముంది, శ్రీనివాసపురం తాలూకా వాళ్లం. ఆ జిగురు, రాలిన పూత, రోడ్డు దుమ్ము అన్నీ కలిసి పట్టా వెనక మూలలో నల్లగా తారులా గట్టిపడి ఉన్నాయి. రబ్బరేమో ఎండి బూడిద రంగుకు తిరిగింది.

ఇక్కడ మా తప్పు కూడా చెప్పాలి. గేటు కీలుకు వేసినట్టు మొదట కొబ్బరినూనె వేసేస్తిమి. రెండు రోజులు మాట లేదు. మూడో రోజు దుమ్మంతా దానికే అంటుకొని ముందుకంటే ఎక్కువైంది. మా ఇంటావిడ ఏమన్నదో ఇక్కడ రాయము. కిరోసిను, ఇంజనాయిలు కూడా వద్దు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

రెండోసారి పద్ధతిగా చేస్తిమి. కారు ఆఫ్ చేసి, తాళం చెవి మా జేబులో వేసుకొని (మనం వేళ్లు పెట్టినప్పుడు ఎవరైనా బటను నొక్కితే?) పాత బనియను గుడ్డ తడిపి పిండి, జిగురంతా మెల్లగా తుడిచాము. మూలలకు పాత టూత్‌బ్రష్షు. గంటన్నర పట్టింది. పూర్తిగా ఆరినాక రబ్బరుకు సిలికాన్ గ్రీజు వేలితో పలుచగా పూసి, మిగిలింది తుడిచేశాము. పట్టాలకు మాత్రం కారుతో ఇచ్చిన పుస్తకంలో ఏ గ్రీజు చెప్పారో అదే. మూలల్లో నీళ్లు దిగే సన్నని గొట్టాలుంటాయి. అరగ్లాసు నీళ్లు నిదానంగా పోస్తే కారు కిందికి కారాలి. కారకుంటే మామిడి వానలకు నీళ్లు సీట్ల కిందికి వస్తాయి. ఇనుప తీగతో పొడవకండి, గొట్టం ఊడితే లోపలెక్కడో ఊడుతుంది.

కిర్రు పోయింది. సన్నగా టిక్కుటిక్కు మాత్రం మిగిలింది. ఇంకో గంట వెతికితే, ముందు అద్దం పైన కళ్లజోడు పెట్టుకునే చిన్న డబ్బాలో మా అమ్మాయి పాత కళ్లజోడు! సెట్టు మొత్తం మార్చినా ఆ కళ్లజోడు అక్కడే ఉండేది.

అన్నీ ఇంట్లోనే చేయమనడం లేదు. అద్దం వంకరగా దిగితే, మోటరు మూలిగితే, తీగ తెగితే వర్క్‌షాపుకే పోవాలి. లోపలి పైకప్పు గుడ్డ మాత్రం ఎవరూ విప్పకండి, చాలా కార్లకు పక్కల ఎయిర్‌బ్యాగులు అందులోనే ఉంటాయి. వారంటీ ఉన్న కారైతే ముందు ఆ కాగితం చదవండి. మెకానిక్కుల నోటి దగ్గర కూడు తీస్తున్నామని ఒకరన్నారు. మన రోడ్డు మీది మెకానిక్కునే అడిగాము. "స్వామీ, తుడిచే పనికి నా దగ్గరికి ఎవరొస్తారు, మీరే చేసుకోండి" అని నవ్వాడు.

ఇంకొకటి. పిల్లలను సన్‌రూఫ్‌లోంచి నిలబెట్టి ఊరేగించేవాళ్లు మనలోనూ ఉన్నారు. ముందు అంచున గాలిని పైకి మళ్లించే సన్నని పట్టీ వాళ్ల చేతుల బరువుకే వంగుతుంది, ఈల అక్కడి నుంచీ రావచ్చు. ఈల సంగతి పోనీయండి. సడన్ బ్రేకు వేస్తే ఆ మెడ ఏమవుతుంది? మా మనవడు అలిగినా సరే, మేము లోపలే కూర్చోబెడతాము.

కాబట్టి కమిటీకి మా మనవి: ప్యాకేజీ అడ్వాన్సు ఇప్పుడే ఇవ్వొద్దు. వచ్చే ఆదివారం ఉదయం ఏడుకు ఆ నలుగురూ కార్లు మా ఇంటికి తీసుకురండి. పాత బనియన్లు మీవి, గ్రీజు మాది. టిఫిను మా ఇంటావిడ ఒప్పుకుంది. ఆ తర్వాత కూడా ఏ కారుకు చప్పుడు మిగిలితే, దాని ఒక్కదానికే వర్క్‌షాపులో ధర అడుగుదాం. కార్లు మాత్రం చెట్టు కింద నిలపకండి, రోడ్డు పక్కనే ఉంచండి.