నాణేల సేకరణ ఎప్పటికి పూర్తయినట్లు?

పాత ఇళ్లలో దేవుని గూటి కిందనో, తాతగారి ట్రంకు పెట్టె అడుగుననో ఒక గుడ్డసంచి ఉండడం కద్దు. ముడి విప్పితే నాలుగు చిల్లుకాణీలు, ఒకటి రెండు బేడలు, చార్మినార్ బొమ్మ ఉన్న వెండి బిళ్ల, అంచులు వంకీలు తిరిగిన పది పైసలు బయటపడతాయి. చాలా ఇళ్లలో అది అంతటితో సరి. మళ్లీ ముడివేసి పెట్టెలో పెట్టేస్తారు. కాని ఊరికి ఒకరిద్దరు మాత్రం ఆ సంచిని సంచిగా ఉండనివ్వరు. నాణేలను వరుసగా పేర్చి, లేనివాటి కోసం సంతలు, జాతరలు, కంసాలి దుకాణాలు తిరగడం మొదలుపెడతారు. ‘ఇంకా ఎన్ని కావాలి?’ అని ఇంట్లోవాళ్లు అడిగితే ‘ఇంకొక్కటే’ అంటారు. ఆ ఒక్కటీ దొరికిన మరునాడు మరొకటి తక్కువైందని తేలుతుంది.

ఇది కాలక్షేపం వ్యవహారమని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఈ ‘ఇంకొక్కటి’ కోసం పత్తి అమ్మిన డబ్బులో కొంత పక్కకు పోయిన ఇళ్లున్నాయి. పిల్లల ఫీజు వాయిదా పడిన ఇళ్లూ లేకపోలేదు. కాబట్టి సేకరణ ఎప్పటికి పూర్తయినట్లు అన్న ప్రశ్నకు సేకరించేవారు జవాబు చెప్పుకోవలసిందే. చెప్పుకోవలసింది చివర కాదు, మొదలుపెట్టేటప్పుడే.

లెక్క ఎలా పెరుగుతుందో చూడండి. నయా పైసా 1957లో వచ్చింది. ‘నయా’ అన్న మాట 1964లో తీసేశారు. నయా పైసా బిళ్ల ఒకటి ఉంటే చాలుననుకున్నవాడికి ఒక్కటితో సరిపోతుంది. సంవత్సరానికొకటి కావాలనుకుంటే ఏడు కావాలి. టంకశాలకొకటి కావాలనుకుంటే ఆ ఏడింటినీ మళ్లీ కలకత్తా, బొంబాయి, హైదరాబాదుల పేరున వెతుక్కోవాలి. సంవత్సరం అంకె కింద గుర్తేమీ లేకపోతే కలకత్తాది, వజ్రం ఆకారం ఉంటే బొంబాయిది, నక్షత్రం ఉంటే హైదరాబాదుది. 1988లో నోయిడా టంకశాల వచ్చాక గుండ్రని చుక్క ఒకటి చేరింది. హైదరాబాదు టంకశాల కొన్నేళ్లు నక్షత్రం కాక చీలిన వజ్రం వంటి గుర్తులు కూడా వాడింది. అప్పుడు ఆ గుర్తుకొకటి కావాలి. 1962లో కంచు పోయి నికెల్ ఇత్తడి వచ్చింది కనుక లోహానికొకటి కావాలి. పైసా విలువ చేసే బిళ్ల ఒక్కదానికే ఇంత తతంగం ఉన్నప్పుడు రూపాయి దాకా పోతే ఎక్కడ తేలాలి?

అంతకు ముందు కాలానికి పోతే సంగతి ఇంకా చిత్రం. విక్టోరియా రాణి బొమ్మ ఉన్న రూపాయిల మీద 1862 అన్న అంకెనే ఏళ్ల తరబడి, 1874 దాకా అలాగే ఉంచి అచ్చువేశారు. ఏ ఏటిదో గుర్తుపట్టడానికి చిన్న చిన్న చుక్కలు మాత్రం మార్చేవారు. ఆ చుక్కలను భూతద్దంతో లెక్కపెడుతూ జీవితం గడిపినవారున్నారు. 1911లో అయిదో జార్జి చక్రవర్తి పేరున వేసిన రూపాయిలో ఆయన అంగీ మీది ఏనుగు బొమ్మ పందిలా కనబడుతున్నదని గొడవ లేచింది. ఆ బిళ్లలు వెనక్కి తీసుకుని, 1912లో ఏనుగు తొండం స్పష్టంగా కనబడేటట్లు దిద్ది మళ్లీ వేశారు. దిద్దకముందుదీ దిద్దినదీ రెండూ ఉంటేనే పూర్తి అనేవారున్నారు. వారిని తప్పుపట్టనక్కర లేదు. కాని ఆ దారి పట్టినవారు ‘పూర్తి’ అన్న మాట మరచిపోవడం మంచిది.

తెలంగాణ పల్లెల సేకరణకు ఒక ప్రత్యేకత ఉంది. నిజాం కాలంలో ఇక్కడ హాలీ సిక్కా, కల్దారు అని రెండు రకాల రూపాయిలు చెలామణీ అయ్యేవి. ఏడు హాలీ రూపాయిలు ఇస్తే ఆరు కల్దారు రూపాయిలు వచ్చేవి. సరిహద్దు దాటి పెళ్లికి పోయినా, ఎడ్లు కొనడానికి పోయినా ఈ లెక్క నోటికి రావలసిందే. 1959 దాకా హాలీ చెలామణీలో ఉంది. ఆ వెండి బిళ్ల మీద చార్మినార్ నడుమ ద్వారంలో ఒక అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీఖాన్ కాలానిదైతే ‘మీమ్’, ఉస్మాన్ అలీఖాన్ కాలానిదైతే ‘ఐన్’. ఉస్మాన్ అలీఖాన్ తొలి రోజుల బిళ్లల్లో ఆ ‘ఐన్’ సగమే ఉన్నవి కొన్ని, నిండుగా ఉన్నవి కొన్ని. అక్షరం తోక కోసం వేలు పోసేవారు ఇప్పటికీ ఉన్నారంటే ఆశ్చర్యం లేదు.

మరి గీత ఎక్కడ గీయాలి? దీనికొక తేలిక ఉపాయం ఉంది. ముగిసిపోయిన నాణేల వరుసను ఎంచుకోవడం. టంకశాల నడుస్తున్నంత కాలం రూపాయి, రెండు రూపాయిలు, అయిదు, పది, ఇరవై బిళ్లలు మారుతూనే ఉంటాయి. పది రూపాయిల బిళ్ల ఒక్కటే పద్నాలుగు రకాల బొమ్మలతో వచ్చిందని, అన్నీ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించవలసి వచ్చింది. (అయినా ఆ బిళ్ల తీసుకోకుండా వెనక్కి నెట్టే దుకాణాలు పల్లెల్లో ఉన్నాయి. అది వేరే గొడవ.) ఇలాంటి వరుసకు అంతం ఉండదు. మూతపడిన వరుసలు వేరు. 1950 ఆగస్టు 15న రాజు బొమ్మ తీసేసి నాలుగు సింహాలతో వచ్చిన అణాల వరుసలో రూపాయి, అర్ధరూపాయి, పావలా, బేడ, అణా, అర్ధణా, కాణీ – మొత్తం ఏడు. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి రావడంతో ఆ వరుసకు కాలం చెల్లింది. ఇక పావలాకు, అంతకు తక్కువకు ఉన్న పైసలు 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయాయి. ఒకటి, రెండు, మూడు, అయిదు, పది, ఇరవై, ఇరవై అయిదు – ఇవీ ఏడే. వీటికి హాలీ వెండి రూపాయి, అర్ధరూపాయి, పావలా, బేడ కలిపితే పద్దెనిమిది. ‘నయా పైసే’ అని రాసి ఉన్నవి విడిగా కావాలంటే ఇంకొక అయిదు. ఇరవై మూడు బిళ్లలతో ఒక ఊరి సంత బేరాలన్నీ, హాలీ రోజుల నుంచి మొన్నటి పావలా దాకా, బల్ల మీద పరచి చూపవచ్చు. వీటిలో వెండివి తప్ప తక్కినవి ఎవరికీ భారం కావు. చాలామటుకు చుట్టాల ఇళ్లలోనే దొరుకుతాయి.

ఇరవై మూడుకు చిల్లుకాణీ చేరలేదని కొందరికి బాధ కలగవచ్చు. యుద్ధకాలంలో రాగి ఆదా చేయడానికి 1943 నుంచి 1947 దాకా నడుమ చిల్లుతో వేసిన బిళ్ల అది. చేర్చుకుంటే చేర్చుకోవచ్చు. ఎవరి గీత వారిది. కాని గీత గీసిన తరువాత నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకోవాలి. రాయని గీత నెలకొకసారి జరుగుతుంది.

ప్రభుత్వం జ్ఞాపకార్థం వేసే బిళ్లల సంగతి కూడా చెప్పుకోవాలి. 1964లో నెహ్రూ బొమ్మతో వచ్చిన రూపాయి, 1969లో గాంధీ శతజయంతికి వచ్చిన ఇరవై పైసలు బజారులో తిరిగినవే. జనం చేతులు మారి అరిగినవే. ఇప్పటి పెద్ద విలువల బిళ్లలు అలా కాదు. 2023 ఆగస్టు 28న ఎన్.టి. రామారావు శతజయంతి సందర్భంగా రాష్ట్రపతి విడుదల చేసిన నూరు రూపాయిల నాణెం హైదరాబాదు టంకశాలలో తయారైంది. అందులో సగం వెండి. దానిమీద రాసి ఉన్నది నూరు రూపాయిలే అయినా, కొనాలంటే వేలల్లో ఇచ్చుకోవాలి. అభిమానులు కొనుక్కుని దాచుకున్నారంటే అది వారి ముచ్చట. అయితే ఏ సంతలోనూ తిరగని, చిల్లరగా ఎవరికీ ఇవ్వని బిళ్ల లేనందువల్ల సేకరణ అసంపూర్ణమని బెంగపడడం చారాణ కోడికి బారాణ మసాలా వంటిదే.

గీత లేనివాడిని మోసం చేయడం సులువు. ఇది ఊళ్లలో కొత్తగా పట్టిన పీడ. వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయిల బిళ్ల ఉంటే లక్షలు ఇస్తామని, ఖడ్గమృగం బొమ్మ ఉన్న పావలాకు ఇంత ఇస్తామని ఫోనుకు కబుర్లు వస్తాయి. బిళ్ల ఫోటో పంపమంటారు. పంపగానే ‘మీ అదృష్టం’ అంటారు. ముందు రిజిస్ట్రేషనుకు కొంత, తరువాత పన్నుకు కొంత, ఆ తరువాత కమీషనుకు కొంత కట్టమంటారు. కొందరైతే రిజర్వు బ్యాంకు ముద్ర వేసిన కాగితం కూడా పంపిస్తారు. చివరకు లక్షలు రావు, ఫోను పలకదు, బిళ్ల మాత్రం చేతిలోనే ఉంటుంది. పాత నాణేల క్రయవిక్రయాలతో తనకు సంబంధం లేదని, రుసుము గాని కమీషను గాని వసూలు చేయడానికి ఎవరికీ అధికారం ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4న స్పష్టంగా చెప్పింది. ఖడ్గమృగం పావలా 1988 నుంచి వచ్చిన ఉక్కు బిళ్ల. పాత డబ్బాలు వెతికితే ఇంటికి నాలుగు దొరుకుతాయి. అంత విరివిగా ఉన్న వస్తువుకు లక్షలు ఎవరిస్తారన్నది ఒక్క నిమిషం ఆగి ఆలోచించవలసిన మాట. కొనేవారికి పన్నిన వల మరొకటి. 1939 సంవత్సరం వేసిన ఆరో జార్జి రూపాయి అరుదైనది. అందువల్లనే దానికి నకిలీలు పుట్టాయి. ‘మీ వరుసలో ఇదొక్కటే తక్కువ’ అని చెప్పి అంటగట్టేవాడికి ఎదుటివాడి ఆత్రమే పెట్టుబడి.

ఇక దున్నుతుంటే నాగటి చాలులో నాణేలు బయటపడిన సందర్భంలో సేకరణ మాట పూర్తిగా పక్కన పెట్టాలి. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయిలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతున్నది. దాచిపెడితే జైలుశిక్ష కూడా ఉంది. చట్టం భయం అటుంచినా, దొరికిన చోటు తెలియని పాత నాణెం సగం గుడ్డిది. గోదావరి ఒడ్డున జగిత్యాల జిల్లా కోటిలింగాలలో సిముకుని పేరున్న నాణేలు, అంతకు ముందటి గోబద, సమగోప వంటి రాజుల నాణేలు దొరకబట్టే శాతవాహనుల తొలి చరిత్రలో ఈ ప్రాంతానికి చోటు దక్కింది. అవే బిళ్లలు ఎవరి పెట్టెలోనో చేరి ఉంటే వట్టి లోహపు ముక్కలు.

సేకరించేవారు ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. బిళ్లను చింతపండుతో, బూడిదతో తళతళలాడేటట్లు తోముతారు. అలా తోమిన నాణెం విలువ పడిపోతుంది. సన్నని అక్షరాలు, టంకశాల గుర్తు అరిగిపోతాయి. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. వెండి ధర పెరిగినప్పుడల్లా హాలీ బిళ్లలు కంసాలి మూసలోకి పోయి పట్టీలుగా, కడియాలుగా తిరిగివస్తున్నాయి. అవసరం పడితే ఆపేదెవరు? అయినా కరిగించేముందు బిళ్ల మీది హిజ్రీ సంవత్సరం రాసుకుంటే అదైనా మిగులుతుంది.

పెట్టెలో నిజంగా ఖాళీగా ఉన్నవి గుంతలు కావు, చీటీలు. ఈ బేడ ఎవరిది, కూలిగా వచ్చిందా, కట్నంగా వచ్చిందా, దానితో ఆ రోజుల్లో ఏమి కొన్నారు అన్న వివరం బిళ్ల పక్కన రాసి పెట్టినవారు అరుదు. చిల్లుకాణీని మరో అయిదేళ్ల తరువాతైనా కొనుక్కోవచ్చు. హాలీకి, కల్దారుకు తేడా వేళ్ల మీద లెక్కగట్టి చెప్పగల పెద్దలు ఇప్పుడు ఎనభై దాటినవారు. నయా పైసలు వచ్చిన కొత్తలో అణాకు ఆరా, ఆరుంపావా అని దుకాణాల్లో జరిగిన తగాదాలు కళ్లారా చూసినవారు వారే. మరొక బిళ్ల కోసం పట్నం బస్సు ఎక్కబోయేవారు ముందు ఆ ముసలమ్మ మంచం దగ్గర ఓ సాయంత్రం కూర్చుని, ఉన్న బిళ్లలు ఒక్కొక్కటే ఆమె అరచేతిలో పెట్టి చూడాలి.