పాతబడ్డదని కాదు, అడ్డుపడ్డదని మార్చాలి



మన బాల్కొండలో, ఆ మాటకొస్తే ఆర్మూర్ నుంచి బోధన్ దాకా, గేమింగ్ కంప్యూటర్ ఉన్న ఇళ్లల్లో ఏడాదికో రెండేళ్లకో ఒకే బహస్ నడుస్తుంది. కొడుకు "ప్రాసెసర్ పాతదైంది, మార్చాలె" అంటాడు. అమ్మీ "ఉన్నదానికి ఏమైంది?" అంటుంది. దుబాయ్‌లోనో జిద్దాలోనో డ్యూటీ దిగిన అబ్బా ఫోన్‌లో "ఎంత పంపాలె బేటా?" అంటాడు. కొడుకు జిద్దు మీద, అమ్మీ గుస్సా మీద, అబ్బా మొహబ్బత్ మీద ఫైసలా అయిపోతుంది. ఆ ప్రాసెసర్ నిజంగానే ఆటకు అడ్డుపడుతోందా అన్న తహ్‌కీఖాత్ మాత్రం జరగదు.

నా రాయ్ సాఫ్‌గా చెబుతాను. పాతబడింది అనేది ప్రాసెసర్ మార్చడానికి వజా కాదు. అడ్డుపడుతోందని సుబూత్ దొరికితే మార్చాలి. దొరికిన తర్వాత ఊరికే సాగదీయనూ కూడదు.

ముందు మన దగ్గరున్న సామాను సంగతి చూద్దాం. మన దిక్కు పిల్లల గేమింగ్ పీసీలు చాలావరకు షోరూమ్ నుంచి వచ్చినవి కావు. కంపెనీలు వాడి తీసేసిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ డబ్బాలు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. అందులో ఇంటెల్ ఐ5 నాలుగో జనరేషన్ ప్రాసెసర్ ఉంటుంది, అంటే 2013-14 నాటి మాల్. దానికి జీటీఎక్స్ 1050 టీఐ లాంటి గ్రాఫిక్స్ కార్డు ఒకటి తగిలిస్తారు. 2016లో వచ్చిన ఆ కార్డు 75 వాట్ల కరెంటుతోనే నడుస్తుంది కాబట్టి ఆఫీసు డబ్బాలోని చిన్న పవర్ సప్లైకి భారం కాదు. ఈ జుగాడ్‌ను నేను తక్కువ చేయను. 2015లో పీసీకి వచ్చిన జీటీఏ 5ను, 2020లో వచ్చిన వాలరెంట్‌ను మన పిల్లలకు హాయిగా ఆడించింది ఇదే.

మరి ఇప్పుడు కొత్త ఆట ఆగి ఆగి నడుస్తోందంటే కసూర్ ఎవరిది? ఈ సవాల్‌కు జవాబు బోధన్‌లో ఉంది. షక్కర్‌నగర్‌లో, 2015 డిసెంబర్‌లో మూతపడ్డ నిజాం షుగర్స్‌లో పని చేసిన పెద్దవాళ్లెవరినైనా అడగండి. క్రషింగ్ రోలర్లు ఎంత జోరుగా తిరిగినా, రసాన్ని మరిగించే పాన్‌లు ఖాళీ కాకపోతే మిల్లు నెమ్మది చేయాల్సిందే. పిప్పి మండించే బాయిలర్ సరిపడా ఆవిరి ఇవ్వకపోతే అన్నీ చల్లబడాల్సిందే. ఫ్యాక్టరీ రోజుకు ఎన్ని టన్నుల చెరకు ఆడుతుందో తేల్చేది అన్నిటికంటే బలమైన మిషన్ కాదు, అన్నిటికంటే వెనకబడ్డ మిషన్.

కంప్యూటర్ కూడా అలాంటి కార్ఖానానే. ఆటలో దుష్మన్ ఎటు నడవాలి, గోలీ ఎక్కడ తగిలింది, రోడ్డు మీద బండ్లు ఎలా కదలాలి అన్న హిసాబ్ అంతా ప్రాసెసర్ చేస్తుంది. ఆ హిసాబ్‌ను తెర మీద బొమ్మగా గీసే పని గ్రాఫిక్స్ కార్డుది. ప్రతి ఫ్రేముకూ ఇద్దరూ పని చేయాలి. వెనకబడ్డవాడి కోసం రెండోవాడు ఇంతెజార్ చేస్తూ కూర్చుంటాడు. కార్డు వెనకబడి ఉంటే మీరు లక్ష రూపాయల ప్రాసెసర్ తెచ్చి పెట్టినా అది ఖాళీగా కూర్చుంటుంది.

ఎవరు వెనకబడ్డారో తెలుసుకోవడానికి మెకానిక్ అక్కర్లేదు, పైసా ఖర్చూ లేదు. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ముఫ్త్ సాఫ్ట్‌వేర్ వేసుకోండి. ఆటలో వీసింక్, ఫ్రేమ్ లిమిట్ ఉంటే తీసేయండి. యూట్యూబ్‌లో ఎవరో చూపించిన ఆట కాదు, మీరు రోజూ ఆడే ఆటే అరగంట ఆడండి. తెర మూలన అంకెలు కనిపిస్తాయి. గ్రాఫిక్స్ కార్డు వాడకం 95 నుంచి 99 శాతం దగ్గర నిలబడితే ప్రాసెసర్ బేకసూర్, దాన్ని వదిలేయండి. కార్డు 50, 60 శాతం దగ్గరే ఊగుతూ ఫ్రేములు పడిపోతుంటే అప్పుడు ప్రాసెసర్ మీద షక్ పడాలి.

ఇక్కడ ఒక ధోకా ఉంది. ప్రాసెసర్ మొత్తం వాడకం 40 శాతమే చూపిస్తోంది కదా, ఖాళీగానే ఉందని చాలామంది అనుకుంటారు. నాలుగు కోర్లలో ఒకటి 100 కొట్టి మిగతా మూడూ సగం పని చేయకపోయినా సగటు తక్కువే కనిపిస్తుంది. అందుకే కోర్లను విడివిడిగా చూడాలి. ఇంకో పరీక్ష కూడా చేయండి. రిజల్యూషన్‌ను 1080పీ నుంచి 720పీకి దించండి. ఫ్రేములు బాగా పెరిగితే కార్డే అడ్డం. పెద్దగా పెరగకపోతే ప్రాసెసర్ మీద షక్ బలపడినట్టే. మానిటర్‌ను కూడా మర్చిపోవద్దు. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 సార్లే బొమ్మ మారుస్తుంది. ఆట ఇప్పటికే 70 ఫ్రేముల మీద నిలకడగా నడుస్తుంటే, దాన్ని 140 చేయడానికి పెట్టే ఖర్చు ఆ తెర మీద దాదాపు కనిపించదు.

షక్ పడగానే సజా వేయకూడదు. ముందు చిన్న ఇలాజ్‌లు చేయాలి. 8 జీబీ ర్యామ్ ఒక్కటే కడ్డీగా ఉంటే, దానికి జోడీ వేస్తే ప్రాసెసర్‌కు సమాచారం రెండు దారుల్లో అందుతుంది, ఆట తడబాటు తగ్గుతుంది. హార్డ్ డిస్క్ మీద నడుస్తున్న ఆటను ఎస్ఎస్‌డీ మీదికి మార్చాలి. ఇక మన దిక్కు అసలు బీమారీ వేడి, దుమ్ము. మే నెలలో నిజామాబాద్ ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. రేకుల గదిలో, ఏళ్ల తరబడి మూత తీయని డబ్బాలో ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము మందంగా పేరుకొని ఉంటుంది. ఈ తరం ఇంటెల్ ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. శీతాకాలంలో సరిగ్గా నడిచి ఎండాకాలంలో తడబడే కంప్యూటర్‌కు కావాల్సింది కొత్త ప్రాసెసర్ కాదు. ఒక బ్రష్షు, కొంచెం థర్మల్ పేస్టు.

ఇవన్నీ చేశాక కూడా ప్రాసెసరే అడ్డమని తేలితే? అప్పుడు బోర్డు సంగతి చూడాలి. ఏఎండీ ఏఎం4 సాకెట్ మీద 2017లో మొదటి రైజెన్ పెట్టుకున్నవాడు, బోర్డు కంపెనీ బయాస్ అప్‌డేట్ ఇచ్చి ఉంటే, అదే బోర్డు మీద రైజెన్ 5 5600 పెట్టుకోవచ్చు. ర్యామ్ అదే, డబ్బా అదే. అలాంటివాడు ఎక్కువ సోచాయించాల్సిన పని లేదు. ఇంటెల్ నాలుగో జనరేషన్ వాడికి ఆ ఖిస్మత్ లేదు. అదే సాకెట్‌లో ఐ7 4770, 4790 దాకానే దారి. కోర్లు నాలుగే అయినా థ్రెడ్లు ఎనిమిదవుతాయి. సెకండ్ హ్యాండ్‌లో సస్తాగా దొరికితే ఒకటి రెండేళ్లు నెట్టుకురావచ్చు.

దాన్ని దాటాలంటే బోర్డు మారాలి. డీడీఆర్3 ర్యామ్ కొత్త బోర్డుకు పనికిరాదు. ఆప్టిప్లెక్స్ లాంటి డబ్బాల్లో బోర్డు ఆకారం, పవర్ వైర్లు కంపెనీ సొంతవి కాబట్టి క్యాబినెట్, ఎస్ఎంపీఎస్ కూడా మారాలి. పైగా 2025 చివరి నెలల నుంచి ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగరేసుకుపోతుండటంతో ర్యామ్ ధర మండుతోంది. అంటే ఇంట్లో "ప్రాసెసర్ మార్చాలె" అని చెప్పిన మాటకు అసలు మాయినే "కొత్త కంప్యూటర్ కొనాలె" అని. 10 వేలతో మొదలైన మాట 30 వేల దగ్గర కూడా ఆగకపోవచ్చు. అబ్బాకు ఈ మాట మొదటి ఫోన్‌లోనే చెప్పాలి, మూడో ఫోన్‌లో కాదు.

ఇంకో దబావ్ బయటి నుంచి వచ్చింది. 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 కోసం ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో జనరేషన్, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్, వాటితో పాటు టీపీఎం 2.0 ఉండాలని షరత్ పెట్టింది. విండోస్ 11 మీద వాలరెంట్ ఆడాలన్నా టీపీఎం, సెక్యూర్ బూట్ కావాలి. 2025లో వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 6కు కూడా అవే అడుగుతున్నారు. నిన్నటిదాకా పని చేసిన ప్రాసెసర్ ఆ తారీఖున చచ్చిపోలేదు, దాన్ని రిటైర్ చేశారు. ఇది నాకు నచ్చదు. పేద దేశాల్లో పదేళ్ల కంప్యూటర్ కూడా ఒక ఇంటి పూంజీ అని ఆ షరత్ రాసినవాళ్లకు తోచినట్టు లేదు. అయినా హఖీఖత్ హఖీఖతే. సెక్యూరిటీ అప్‌డేట్లకు ఇచ్చిన ఏడాది అదనపు మొహ్లత్ 2026 అక్టోబర్ దాకా ఉంది. మీరు ఆడే ఆటకు ఈ తాళాలు లేకపోతే ఆ మొహ్లత్ వాడుకోండి, ఘబ్రాయించి అప్పు చేయకండి.

అప్పు మాట వచ్చింది కాబట్టి పైసల హిసాబ్ కూడా చూద్దాం. గల్ఫ్‌లో 1,200 దిర్హామ్‌ల జీతం మీద ఉన్న మనిషిని తీసుకోండి. దిర్హామ్ 24 రూపాయలు అనుకుంటే 28,800. మీరు అడిగే కొత్త బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ అంటే ఆయన ఒక నెలంతా తినకుండా, తాగకుండా పంపాల్సిన పైసలు. తిండి, ఫోన్ ఖర్చు పోను మిగిలేదాంట్లోంచి అయితే రెండు మూడు నెలలు. ఛుట్టీకి రావాల్సిన టికెట్ అక్కడే వెనక్కి జరుగుతుంది. ఈఎంఐ మీద తీసుకుంటామనేవాళ్లకు ఒక మాట. పేరు నో-కాస్ట్ అయినా ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ పడుతుంది, నగదు కొంటే వచ్చే తగ్గింపు పోతుంది. మామూలు ఈఎంఐ అయితే సూద్ సంగతి చెప్పనక్కర్లేదు. జరూరత్ కోసం మజ్బూరీలో చేసే అప్పు వేరు, షౌఖ్ కోసం నెత్తికెత్తుకునే అప్పు వేరు.

ఇంకో మాట కొంచెం కడ్వీగా ఉంటుంది. చాలా ఇళ్లల్లో ఈ కంప్యూటర్‌ను "చదువు కోసం" అని అడుగుతారు. చదువుకు నాలుగో జనరేషన్ ఐ5 ఇప్పటికీ సరిపోతుంది. ఆట కోసమైతే ఆట కోసమనే అడగండి. అలా అడిగితే ఇంట్లో ఇంకో సవాల్ కూడా లేస్తుంది, లేవాలి. డిగ్రీ చదివే బెహన్ ఫోన్ తెర మీదే ప్రాజెక్ట్ రిపోర్ట్ టైప్ చేస్తుంటే, భాయికి ఫ్రేములు 60 నుంచి 120 కావడం ముందా? ఈ ఇన్సాఫ్ ఏ ఆఫ్టర్‌బర్నరూ చూపించదు. అది ఇంటివాళ్లే చూసుకోవాలి. కొత్తది కొన్నా పాతదాన్ని తుక్కువాడికి కిలోల లెక్కన వేయకుండా, ఎస్ఎస్‌డీ వేసి బెహన్‌కు ఇస్తే ఒక ఖర్చుతో రెండు పనులు అవుతాయి.

ఇంత చెప్పినంత మాత్రాన గేమింగ్ అంతా ఫుజూల్ అనే బుజుర్గుల పక్షాన నేను లేను. పొద్దంతా చదువుకునో, పనికి పోయో వచ్చి రాత్రి గంటసేపు దోస్తులతో ఆడుకునే నౌజవాన్ ఏ గునాహ్ చేయడం లేదు. ఇస్రాఫ్ అంటే షౌఖ్ ఉండటం కాదు, వాడుకోని దానికి ఖర్చు పెట్టడం. ఆ లెక్కన చివరిదాకా మార్చనివాడు కూడా ఇస్రాఫ్ చేస్తున్నట్టే. 15 వేలు పెట్టి కొన్న గ్రాఫిక్స్ కార్డు పాత ప్రాసెసర్ వల్ల సగం పనే చేస్తుంటే, అందులో 7,500 రూపాయలు రోజూ ఊరికే పడి ఉన్నట్టే కదా. సుబూత్ దొరికి, చిన్న ఇలాజ్‌లన్నీ అయిపోయి, పైసలు చేతిలో ఉంటే మార్చేయండి. వచ్చే ఏడాది ఇంకా మంచిది వస్తుందని ఆగేవాడికి ఆ ఏడాది ఎప్పటికీ రాదు. కొత్త తరం రాగానే దిగొచ్చే పాత తరం ధరను పట్టుకుంటే చాలు.

కాబట్టి నౌజవాన్‌లకు నా గుజారిష్. ఈసారి అబ్బాకు ఫోన్ చేసే ముందు ఒక కాగితం తీసుకోండి. ఏ ఆట, ఎన్ని ఫ్రేములు, కార్డు ఎంత శాతం, ఏ కోర్ ఎంత శాతం, దుమ్ము ఎప్పుడు దులిపారు, బోర్డు మీద ఇంకే ప్రాసెసర్ పడుతుంది, మొత్తం ఎంత అవుతుంది అన్నీ రాయండి. ఆ కాగితం ఫోటో తీసి ఆయనకు పంపండి. ఆయనకు ప్రాసెసర్ సంగతి తెలియకపోవచ్చు. సైట్ మీద క్రేన్ ఆగితే మేస్త్రీలు ఎందుకు ఖాళీగా కూర్చుంటారో మాత్రం మనందరికంటే బాగా తెలుసు. తన మెహనత్ ఎక్కడికి పోతోందో చూసి "హా" అనో "నహీ" అనో చెప్పే హఖ్ ఆయనది.