పొలం బాట దీపాలు

ఖిల్లా ఘణపూర్ ప్రాంతంలో రాత్రివేళ ధాన్యం, వేరుశనగ తోలే పికప్ బండ్లకు పొలం బాటల్లో మామూలు లైట్లు చాలవన్నది నిజమే. అయితే ఇంటి ముంగిట తోచిన తీగతో అదనపు దీపాలు బిగించుకోవడం క్షేమం కాదు. 55 వాట్ల హాలోజన్ దీపాలు రెండు వెలిగితే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 9 ఆంపియర్లకు పైగా కరెంటు లాగుతాయి. సన్న తీగ వేడెక్కుతుంది. ఒరిసి బాడీకి తగిలితే మంటలు లేస్తాయి. తగిన మందం గల తీగ, రిలే, బ్యాటరీ పక్కనే ఫ్యూజు తప్పనిసరి.

ముప్పు బండికే పరిమితం కాదు. ఆ వెలుగు రోడ్డుమీద ఎదుటివారి కళ్లు కమ్మేస్తుంది. అనుమతి లేని స్పాట్ లైట్లను 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలు నిషేధించాయి. 2019 చట్ట సవరణ ప్రకారం అక్రమ మార్పు ఒక్కొక్కదానికి యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

కాని జరిమానాలతోనే పని తీరదు. బాటల గుంతలకు రైతు బాధ్యుడు కాడు. పంటకోతలకు ముందే బాటలు బాగుచేయించాలి. ఏ దీపం చెల్లుతుందో, ఎలా బిగించాలో వనపర్తి జిల్లా రవాణా అధికారులు గ్రామాలకు వచ్చి చూపాలి. అనుమతి పొందినవారు సైతం తారురోడ్డు ఎక్కగానే ఆ దీపాలు ఆర్పాలి.